బొల్లిగేదె, గోటితోలు

బొల్లిగేదె వట్టిపోయింది పాల యూనియన్ వల్ల. ఇందులో వాదించడానికేమీ లేదు. మేత తక్కువై కాదు, ఈడు ముదిరి కాదు, ఎవరి దిష్టీ తగిలీ కాదు. యూనియన్ వాళ్ళు మనుషుల గోళ్ళు బాగుచేయబోయి గేదెను వట్టిపోగొట్టారు.

పట్నంలో ఒకావిడ యూనియన్ వారి పాలప్యాకెట్టు కొని కాచింది. పాలు చల్లారాక పైన తెల్లగా, పలచగా, ముడతలు ముడతలుగా ఏదో తేలింది. బుద్ధెరిగినప్పటినుంచీ ఆవిడ ప్యాకెట్టు పాలమీద అలాంటిది చూడలేదు. హడలిపోయి ఫోటో తీసి, పాలలో తోలు వచ్చిందని యూనియన్‌కు పంపింది. ఆఫీసులో ఆ ఫోటో ప్రతి బల్లమీదికీ వెళ్ళింది. ఎవరూ పోల్చుకోలేకపోయారు. పాలలో వెన్నంతా తీసేసి మిగిలింది అమ్మడం ఆ సంస్థకు ఏళ్ళ తరబడి ఆచారం. ఆ ఒక్కరోజు వెన్న తీసే యంత్రం మొరాయించింది. ఆ సంగతి యంత్రం దగ్గర పనిచేసేవాళ్ళు పైకి చెప్పలేదు.

నిపుణుల కమిటీ వేశారు. కమిటీ ఏసీ హోటల్లో కూర్చుని తేల్చింది. ఫోటోలోనిది మానవ చర్మం. గోరు మొదట్లో, గోటిని అంటిపెట్టుకుని ఉండే సన్నటి తోలు. ఇంగ్లీషులో దాన్ని క్యూటికిల్ అంటారు. పాడిరైతు పాలు పితుకుతుండగా అది ఊడి చెంబులో పడింది. కాబట్టి పాడిరైతులందరూ ఇకమీదట ఇళ్ళలో శాస్త్రీయంగా గోటితోలు సంరక్షించుకోవాలి.

దీనికి 'సమగ్ర గృహ నఖమూల సంరక్షణ కార్యక్రమం' అని పేరు పెట్టారు. విశ్వనాథం అనే ఆయన్ని నఖ సమన్వయాధికారిగా వేశారు. అంతకుముందు ఆయన టాంకర్ల డీజిలు లెక్క చూసేవాడు.

వేములగుంట పాలకేంద్రం ముందు షామియానా వేసి మీటింగు పెట్టారు. బొల్లి యజమాని పేరయ్య వెనకాల గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన ఊరిబడిలో అయిదు దాకా చదివాడు. ఒకరు మాట్లాడుతుంటే వినడానికి కుర్చీ అవసరమని ఆ బడిలో చెప్పలేదు.

విశ్వనాథం ఆ ఫోటోను తలుపంత పెద్దదిగా అచ్చువేయించి తెచ్చాడు. దాన్ని ఇద్దరు మనుషులు చెరో పక్కనా పట్టుకున్నారు.

"పాడిరైతు సోదర సోదరీమణులారా, ఈ దృశ్యాన్ని తిలకించండి. ఒక వినియోగదారు మనోభావాలు గాయపడటానికి కారణభూతమైన నఖమూల చర్మం ఇదే" అన్నాడు.

పేరయ్య పక్కింటి పున్నమ్మ ముందు వరుసలో ఉంది. కళ్ళు చికిలించి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అది మీగడ గదయ్యా!"

"కాదమ్మా."

"ఏంది కాదు? మా ఇంట్లో రోజూ కడుతుంటే నాకు తెలవదా?"

"అమ్మా, మా యూనియన్ పాలకు మీగడ కట్టదు. ఇది రికార్డుల పరంగా నిర్ధారితమైన విషయం. కట్టనిది ఫోటోలోకి ఎలా వస్తుంది?"

విశ్వనాథం తలపంకించి, పెట్టెలు విప్పమన్నాడు.

ఒక్కో ఇంటికి ఒక్కో పెట్టె. అందులో ఒక చెక్కపుల్ల, ఒక ఉక్కుపుల్ల, కాకిముక్కులా వంగిన చిన్న కత్తెర, ఒక నూనెబుడ్డి. వీటితోపాటు రంగుల కాగితం. వేళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాలి. మెత్తబడిన తోలును పుల్లతో మెల్లగా వెనక్కి నెట్టాలి. ఊడి వేలాడుతున్న చచ్చిన తోలు ఉంటే మాత్రమే కత్తిరించాలి. బతికున్న తోలు జోలికి పోకూడదు. చివర నూనె రాయాలి. కాగితంలో తప్పేమీ లేదు. కాగితం రాసినవాడు యూనియన్ మనిషి కాడు, పెట్టెలు అమ్మిన కంపెనీవాడు.

"పనిముట్టును తెలివిగా ఎంపిక చేసుకోవడంలోనే సగం విజయం ఉంది. మీరు ఏది ఎంచుకున్నారు పెద్దాయనా?" అని విశ్వనాథం పేరయ్యను అడిగాడు.

పేరయ్య చెక్కపుల్ల చూపించాడు.

"చెక్కపుల్ల చెల్లదు."

"పెట్టెలో మీరే పెట్టారు."

"పెట్టాము. కానీ పుల్లతో నెడితే ఏ ఆధారమూ మిగలదు. మీరు ఇంట్లో వాడారో లేదో యూనియన్‌కు ఎలా తెలుస్తుంది? కత్తెర అయితే తోలు రాలుతుంది. రాలిన తోలు వారం వారం కవర్లో వేసి కేంద్రంలో అప్పగించాలి. పది వేళ్ళదీ ఉండాలి. అప్పగించినవారి పాలే స్వీకరించబడతాయి."

"తోలు రాలకపోతే?"

"రాలాలి" అన్నాడు విశ్వనాథం.

ఆ ఊరికి ఇంకో పాలకేంద్రం లేదు. దాణా వచ్చేదీ అక్కడినుంచే.

పేరయ్యకు బొల్లి ఒక్కటే పాడి. నుదుటిమీద తెల్లమచ్చ ఉన్న గేదె. దాన్ని పెంచింది ఆయన భార్య ఆదెమ్మ. ఆదెమ్మ పోయిన మాఘంలో చనిపోయింది. ఆ నెలలోనే ఈనిన బొల్లికి దూడా దక్కలేదు. దూడ లేని గేదె చేపదు, పాలు పొదుగులోకి దించదు. ఎవరు వెళ్ళి కూర్చున్నా తన్నింది. పొదుగు రాయిలా అయింది. చివరికి పేరయ్య ఆదెమ్మ నేతచీర తీసి ఒంటికి చుట్టుకుని, తలమీదికి ముసుగు లాక్కుని, చెంబు పట్టుకుని కూర్చున్నాడు. బొల్లి మెడ తిప్పి చీరను మూచూసింది. చేపింది.

అప్పటినుంచీ రెండు పూటలా ఆయన చీర కట్టుకునే పాలు పితుకుతున్నాడు. మొదట్లో ఊరు నవ్వింది. పేరయ్య నవ్వినవాళ్ళ ముఖాలు గుర్తుపెట్టుకున్నాడు, అంతే. ఆదెమ్మ ఈ ఇంట్లో లేదని ఊరందరికీ తెలుసు. బొల్లికి తెలియదు. పూటకో గడియ ఆ కొట్టంలో కూర్చుంటే పేరయ్యకూ తెలియాల్సిన పని లేదు.

ఆ గడియ కోసం ఆయన కత్తెర పట్టాడు.

మొదటి వారం అందరికీ ఎంతో కొంత చచ్చిన తోలు ఉంది. మట్టిలో, పేడలో తిరిగే చేతులు గదా. కవర్లు నిండాయి. రెండో వారానికి ఊళ్ళో చచ్చిన తోలు అయిపోయింది. పేరయ్య గడపమీద కూర్చుని వెలుతురుకు వేళ్ళు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆదెమ్మ ఉన్న రోజుల్లో చల్ల చిలికి, చేతికంటిన వెన్న ఆయన గోళ్ళ చుట్టూ రుద్ది, "ఇయ్యి చేతులా, ఆకురాళ్ళా?" అని విసుక్కునేది. ఆవిడ ఏనాడూ కత్తెర తేలేదు.

గోడ అవతలినుంచి పున్నమ్మ తల ఎత్తి చూసింది. ఆదెమ్మకు చెల్లెలి వరస ఆవిడ.

"ఏంది బావా, పెళ్ళికొడుకులాగా గోళ్ళు చూసుకుంటన్నావు?"

"తోలు లేదు."

"నాకూ లేదు. ఎల్లుల్లి పొట్టు ఎయ్యి."

"ఏందీ?"

"ఎల్లుల్లి పొట్టయ్యా. లోపలి పొర, సన్నగా ఉండేది. గోటితో చిన్న చిన్న ముక్కలు చేసి కవర్లో ఎయ్యి. మన ఈధంతా అదే ఏస్తంది. ఆయనకి మీగడే తెలవదు, పొట్టు తెలుసుద్దా?"

పేరయ్య పొట్టు వేశాడు. ఊరంతా వేసింది. యూనియన్ ప్రయోగశాలకు కవర్లు వెళ్ళాయి. ఫలితం వచ్చింది. వేములగుంట రైతుల నఖమూల చర్మం జిల్లాలోకెల్లా మృదువుగా, పారదర్శకంగా ఉందనీ, అయితే ఆహారంలో వెల్లుల్లి కొంచెం తగ్గించుకోవడం మంచిదనీ. విశ్వనాథం కేంద్రానికి ఫోన్ చేసి అభినందించాడు.

అభినందనతో ఊరుకుని ఉంటే బొల్లి ఈనాడు పాలిచ్చేది. జిల్లాకు ఆదర్శమైన ఊరు కాబట్టి, ఆ నైపుణ్యాన్ని కళ్ళారా చూడడానికి యూనియన్ పెద్దలు వస్తున్నారన్నారు. రైతులు తమ సమక్షంలో తోలు తీసి చూపాలన్నారు. పొట్టు సంగతి తెలిసిన కేంద్రం సెక్రటరీ శేషగిరి విశ్వనాథానికి ఫోన్ చేశాడు.

"సార్, ఇది ఇంట్లో చేసుకునే కార్యక్రమం గదా. కేంద్రంలో చేస్తే రూల్సు ఒప్పుకోవేమో" అని తప్పించుకోబోయాడు.

విశ్వనాథం ఆలోచించాడు. "నిజమే. గృహ వాతావరణం కల్పించండి."

పాలకేంద్రంలో క్యాన్లు బయట పెట్టించి ఒక మంచం వేశారు. గోడకు క్యాలెండరు తగిలించారు. మూలన పొయ్యి పెట్టి, దానిమీద ఖాళీ గిన్నె పెట్టారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. రైతులు ఒక్కొక్కరూ చెప్పులు బయట విడిచి, తమ ఇంట్లోకి వస్తున్నట్టు రావాలి. పేరయ్య పేరు మొదట పిలిచారు.

"సొంత ఇల్లు అనుకోండి" అన్నాడు విశ్వనాథం, మంచమ్మీద తను కూర్చుని.

పేరయ్య నిలబడ్డాడు. చేతులు చాపమన్నారు, చాపాడు. విశ్వనాథం కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"తోలు ఎక్కడండీ?"

"లేదు."

"లేకపోవడానికి వీల్లేదు. మొన్నటి మీ కవరు చాలా సంతృప్తికరంగా ఉంది."

"అయిపోయింది."

"ఇదిగో ఉంది గదా!" అని విశ్వనాథం గోటి మొదట్లో ఉన్నది చూపించాడు.

"అది బతికుంది."

"బతికుందా లేదా అన్నది రైతు స్థాయిలో నిర్ణయించే అంశం కాదు."

యూనియన్ పెద్దలు చూస్తున్నారు. విశ్వనాథం స్వయంగా కాకిముక్కు కత్తెర తీసుకుని, పేరయ్య కుడిచేతి బొటనవేలు పట్టుకుని, గోటి మొదలంతా చుట్టూ తిప్పి కోశాడు. తరవాత చూపుడు వేలు. రక్తం వచ్చింది. పెద్దలు చప్పట్లు కొట్టారు. దానిమీద నూనెబొట్టు వేసి, "చూశారా, ఎంత సులభమో! ఇక మిగతా వేళ్ళు మీరే చేసుకోగలరు" అన్నాడు.

పున్నమ్మ వంతు వచ్చింది. అందరి వంతూ వచ్చింది.

ఆ చేతులతోనే పోయి పేడ ఎత్తారు, గేదెలకు చిట్టూ తవుడూ కలిపారు. మూడోనాటికి ఊరంతా గోరుచుట్టు. బొటనవేళ్ళు వంకాయల్లా వాచాయి. రాత్రిళ్ళు సలుపుకు నిద్ర లేదు. గోరుచుట్టుకు ఆ ఊళ్ళో ఒకటే వైద్యం. నిమ్మకాయకు బొక్క చేసి వేలికి తొడుక్కోవడం. ఎటు చూసినా వేలికో నిమ్మకాయ, కొందరికి చేతికి రెండు. పలకరింపుగా చెయ్యెత్తితే పచ్చగా కనపడేది.

గేదెలు ఇవేమీ చూడవు. వేళకు పితకాలి. నిమ్మకాయలతోనే పితికారు. రసం చేతులమీదుగా కారి చెంబులో పడింది. చెంబులు కేంద్రానికి, కేంద్రంనుంచి చల్లబరిచే ట్యాంకులోకి. పొద్దున్నే టాంకరు వచ్చి గొట్టం పెడితే ఏమీ రాలేదు. మూత తీసి చూస్తే ట్యాంకునిండా విరిగిన ముద్ద.

విశ్వనాథం పరుగున వచ్చాడు. ట్యాంకు చూశాడు. చుట్టూ నిలబడ్డ నిమ్మకాయల మనుషుల్ని చూశాడు.

"నిమ్మరసం పడి విరిగినయ్యి సార్" అన్నాడు శేషగిరి.

"తొందరపడి నిర్ధారణకు రావద్దు. నిమ్మకాయ మన కార్యక్రమంలో భాగం కాదు. కార్యక్రమంలో లేనిదాని వల్ల కార్యక్రమానికి నష్టం ఎలా జరుగుతుంది? నఖమూల చర్మ అవశేషాల పులుపు వల్ల విరిగాయి. అంటే వీళ్ళు ఇంకా లోతుగా తీయడం లేదన్న మాట."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. గోరుచుట్టు ఉన్నవారి పాలు కేంద్రంలోకి అనుమతించబడవు. ఆరోగ్యకరమైన, నునుపైన గోళ్ళు ఉన్నవారే పాలు పోయడానికి అర్హులు.

అర్హుడు ఊరంతటికీ ఒక్కడు తేలాడు. సుబ్బారాయుడు. ఆయన పుట్టిన దగ్గరినుంచీ పేకాటలో తప్ప వేళ్ళు కదిలించలేదు. గేదె లేదు, దొడ్డి లేదు. గోళ్ళు మాత్రం అద్దంలా ఉంటాయి. శేషగిరి వెళ్ళి బతిమాలాడు, కేంద్రం మూసేస్తారని. సుబ్బారాయుడు బస్సెక్కి పట్నం వెళ్ళి యూనియన్ వారి పాలప్యాకెట్లే సంచినిండా కొని తెచ్చి, కత్తిరించి, క్యాన్లో పోశాడు. టాంకరు వచ్చి ఆ పాలు పట్నం తీసుకుపోయింది. మర్నాడు మళ్ళీ అవే తెచ్చాడు. ఇందులో మీగడ కట్టే ప్రమాదం ఎంతమాత్రం లేదని యూనియన్ సంతోషించింది.

పేరయ్యకు కేంద్రంతో పనే లేకపోయింది. ఆయన రెండు వేళ్ళూ వంగడం లేదు. చీర కట్టుకుని బొల్లి కింద కూర్చున్నాడు. బొల్లి చేపింది. చన్నులు నిండి, మొనల దగ్గర చుక్కలు కట్టాయి. ఆయన పట్టుకుని లాగితే వేలినుంచి భుజం దాకా మంట పోయింది. చేతిలో బలం లేదు. ఎడమచేత్తో పట్టాడు. బొల్లికి ఆ పట్టు కొత్త. కాలు విదిలించింది.

రెండోనాడు పొదుగు ఎర్రబడింది. పేరయ్య గోడ దగ్గరకు పోయి పిలిచాడు. ఆయన పిలవడం పున్నమ్మ అంతకుముందు ఎరగదు.

"పున్నమ్మా, నీ చేతులెట్టున్నయ్యి?"

"ఎడమది పరవాలేదు. కుడిది చిటికినేలు ఒకటే సలపరం. ఏం బావా?"

పేరయ్య చీర విప్పి మడతపెట్టి గోడమీదుగా చాపాడు. పున్నమ్మ ఆ చీర వంక చూసింది. ఏ హాస్యమూ ఆడలేదు. తీసుకుని కట్టుకుని, ముసుగు వేసుకుని వచ్చి కూర్చుంది. "రామ్మా బొల్లీ, నేను ఆదెమ్మనే గదే" అంది. బొల్లి చీరను మూచూసింది. తల ఎత్తి పున్నమ్మను చూసింది. చెంబును తన్నింది.

"ఇది నన్ను నమ్మట్లేదు బావా. చీర అక్కదే, చెయ్యి అక్కది కాదని దానికి తెలిసిపోయింది."

"నా చెయ్యి మాత్రం ఆమెదా?" అన్నాడు పేరయ్య.

"నీది ఆకురాయే గదా. ఆ గరుకుతోనే గుర్తుపట్టుద్ది."

పశువుల డాక్టరు వచ్చేసరికి పొదుగులో చీము చేరింది. సూది వేశాడు. జ్వరం తగ్గింది, గేదె బతికింది. డాక్టరు పొదుగు తడిమి, చేతులు కడుక్కుంటూ చెప్పాడు.

"చన్నులు గట్టిపడిపోయినయ్యి పెద్దాయనా. వట్టిపోయినట్టే. మళ్ళీ ఈనినా పాలు దిగవు."

పేరయ్య చీర ఉతికి ఆరేసి, పెట్టెలో అడుగున పెట్టాడు.

పితికే పని పోయింది. పాలచేపు పోయాక పేడలో చెయ్యి పెట్టబుద్ధి కాలేదు, కొట్టం ఊడవడానికి పున్నమ్మ వచ్చేది. గోరుచుట్టు మానింది. నెలలు గడిచాయి. వేళ్ళు నునుపెక్కాయి. గోటి మొదళ్ళు చంద్రవంకల్లా తేలాయి. అప్పుడు యూనియన్ వాళ్ళు మళ్ళీ వచ్చారు, కార్యక్రమం తొలి వార్షికోత్సవమని. ఊరందరి చేతులూ చూసి, పేరయ్యను ఉత్తమ నఖ సంరక్షక పాడిరైతుగా ఎంపిక చేశారు. రాననే లోపల శేషగిరి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు రాకపోతే నా ఉద్యోగం పోద్ది బాబాయ్. ఒక్క నిమిషం నిలబడు."

నిలబడ్డాడు. విశ్వనాథం శాలువా కప్పాడు. ఎర్ర ముఖమల్ పెట్టె చేతికిచ్చాడు. అందులో బంగారు పూతపూసిన కత్తెర, ఇంకా పెద్దది. మైకు ముందుకు తోశాడు.

"శ్రీ పేరయ్యగారు ఒకనాడు గరుకు చేతుల రైతు. నేను నా స్వహస్తాలతో మొదటి కత్తిరింపు చేశాను. ఈనాటి ఈ గోళ్ళ వెనక రహస్యం ఏమిటో వారి నోటనే విందాం."

పేరయ్య మైకును చూశాడు. ముందు వరుసలో పున్నమ్మ తల దించుకుంది.

"మీరు నా వేళ్ళు కోశారు. నేను గేదెను పితకలేకపోయాను. గేదె వట్టిపోయింది. పితికే పని లేక గోళ్ళు ఇట్టా అయినయ్యి."

విశ్వనాథం చేతులెత్తి గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"విన్నారు గదా! పాలు పితకడమే నఖ క్షీణతకు మూలకారణమని వారు తమ అనుభవంతో తేల్చి చెప్పారు!"

నెల తిరక్కముందే అన్ని కేంద్రాలకూ ఉత్తర్వు వచ్చింది. పాడిరైతులు వీలైనంతవరకు పాలు పితకడం తగ్గించుకోవాలి. కింద పేరయ్య ఫోటో, చాపిన చేతులతో.

బొల్లి కొట్టంలోనే ఉంది. కోతకు కొనేవాడు వస్తే పేరయ్య వాణ్ణి వీధి చివరిదాకా తరిమాడు. బంగారు కత్తెర కొట్టం తలుపు గడియ విరిగితే దాని చోట దూర్చాడు. అది దానికి సరిపోయింది.

ఒకరోజు పొద్దున శేషగిరి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"బాబాయ్, యూనియన్ పత్రిక వాళ్ళు అడుగుతన్నారు. నీ కథ మొదటినుంచీ చెప్తే రాసుకుంటారంట."

పేరయ్య పచ్చగడ్డి మోపు విప్పుతున్నాడు. విప్పడం ఆపలేదు.

"చెప్పాల్సింది మైకులో చెప్పా. మీవాళ్ళు చప్పట్లు కొట్టారు. గోళ్ళ మాట గానీ, గేదె మాట గానీ ఇంకోసారి నా దగ్గర ఎత్తావంటే నువ్వూ నా గడప తొక్కొద్దు. నేనూ ఎత్తను. నా నోట ఇదే కడపటిది."

గడ్డి తీసుకుని కొట్టంలోకి పోయి, కత్తెర గడియ లోపలినుంచి వేసుకున్నాడు.